అద్దె తగాదాల్లో సాక్షి మాటకు ఎక్కడ ఎంత బరువు

ఇంటి యజమానికీ అద్దెదారుకూ మధ్య తగాదా ముదిరితే రెండు వైపులా వినిపించే మాట ఒకటే: "కావాలంటే పదిమందిని తెచ్చి చెప్పిస్తాను." పదిమంది ఎందుకన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేసుకోరు. ఫలానా సంగతి రుజువు కావాలంటే ఇంతమంది సాక్షులు ఉండి తీరాలన్న నియమం మన సాక్ష్య చట్టంలో లేదు. 1872 నాటి చట్టంలో 134వ సెక్షన్ ఆ మాట చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 139వ సెక్షన్ అదే మాట మళ్లీ చెబుతోంది. సివిల్ వివాదంలో న్యాయమూర్తి చూసేది ఎవరు చెప్పినట్టు జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందన్నదే. అక్కడ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పే ఒక్క వాక్యం బంధువులు చెప్పే పది పేజీలకన్నా ఎక్కువ పనిచేయవచ్చు.

కాగితం సరిగా ఉంటే ఈ గొడవల్లో సగానికి సాక్షే అక్కర్లేదు. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి హైదరాబాద్‌లో ఎక్కువమంది 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. ఆ 11 నెలలూ గడిచాక కొత్తది రాసుకునేవారు తక్కువ. అద్దె ఏటా పెరుగుతూనే ఉంటుంది, పెంపు సంగతి మెట్ల దగ్గర మాటల్లో తేలిపోతుంది. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ కింద పట్టుకుంటామన్నది, మెయింటెనెన్స్ ఎవరు కట్టాలన్నది, అడ్వాన్స్‌లో కొంత నగదుగా చేతికిచ్చింది ఎక్కడా రాసి ఉండవు. కోర్టుకు వెళ్లే సమయానికి చేతిలో మిగిలేవి నాలుగేళ్ల కిందటి అగ్రిమెంటు, ఫోనులోని యూపీఐ చెల్లింపులు. మిగతాదంతా మనుషులు చెప్పాల్సిందే.

మనుషులు చెప్పినా చెల్లని చోటు ఒకటుంది. ఒప్పందాన్ని రాతలో పెట్టుకున్నాక, ఆ షరతులకు విరుద్ధంగా నోటిమాటతో సాక్ష్యం ఇవ్వడాన్ని అధినియమంలోని 94, 95 సెక్షన్లు అడ్డుకుంటాయి. అగ్రిమెంటులో నెలకు 15,000 అని ఉండగా "ఆ రోజు 12,000కే మాట్లాడుకున్నాం, మా బావ అక్కడే ఉన్నాడు" అంటే, బావ ఎంత నిజాయితీపరుడైనా ఆ మాటను లెక్కలోకి తీసుకోరు. తర్వాత కొన్నాళ్లకు విడిగా మాట్లాడుకుని అద్దె తగ్గించుకున్నారంటే అది వేరు. రిజిస్ట్రేషన్ అవసరం లేని ఒప్పందమైతే, అలాంటి తర్వాతి మార్పును సాక్షితో రుజువు చేసుకోవచ్చు. ఈ తేడా తెలియక, పనికొచ్చే సాక్షిని పనికిరాని విషయం మీద నిలబెట్టేవారు ఎందరో.

సాక్షిని వెతికే ముందు తేల్చుకోవాల్సింది మరొకటుంది: కేసు ఏ చట్టం కింద నడుస్తోంది? తెలంగాణలో 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం ఇప్పటికీ ఉంది. కానీ 2005 సవరణతో కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెల భవనాలు దాని పరిధి దాటిపోయాయి. అంటే నేటి ఫ్లాట్లలో చాలావరకు, ఆ చట్టం కింద కేసులు వినే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లవు. పాత బజార్లలో దశాబ్దాలుగా తక్కువ అద్దెకు నడుస్తున్న దుకాణాల వంటివే అక్కడ ఎక్కువగా మిగిలాయి. మిగతావారు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇచ్చి సివిల్ కోర్టులో దావా వేస్తారు.

ఇది సాక్షుల జాబితానే మార్చేస్తుంది. నెలవారీ అద్దెకు ఉన్నవారికి 106 కింద నోటీసు ఇవ్వడానికి యజమాని కారణం చూపనక్కర్లేదు. యజమాని, అద్దెదారు అన్న సంబంధం ఉందా, నోటీసు సరిగా అందిందా, గడువు ముగిసిందా అన్నవే ప్రశ్నలు. అయినా అలాంటి దావాల్లో పక్క ఫ్లాటువారిని పిలిచి అద్దెదారు రాత్రిళ్లు గోల చేస్తాడనీ, లిఫ్టులో చెత్త వేస్తాడనీ చెప్పించే యజమానులు కనిపిస్తారు. దానివల్ల కేసుకు ఒరిగేదేమీ ఉండదు, రెండు వాయిదాలు పోతాయి. పైగా క్రాస్‌లో, అంటే ఎదుటి న్యాయవాది ప్రశ్నలకు, ఆ సాక్షి తడబడితే యజమాని విశ్వసనీయతకే దెబ్బ. రెంట్ కంట్రోలర్ దగ్గర పరిస్థితి తలకిందులు. అక్కడ చట్టంలోని 10వ సెక్షన్ చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి రుజువు కావాలి. అద్దె కావాలని ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా మరొకరికి ఇచ్చేయడం, కట్టడాన్ని పాడుచేయడం, చుట్టుపక్కలవారికి ఇబ్బంది కలిగించడం, యజమానికి సొంత అవసరం పడటం వంటివి ఆ కారణాలు. గోల గురించి పక్కింటివారు చెప్పే మాటకు అక్కడ చోటుంది.

అద్దెదారు వైపున తరచూ జరిగే వృథా ప్రయాస వేరే రకం. "ఆయన అసలు ఓనరే కాదు, వాళ్ల అన్నదమ్ముల మధ్య పంపకాలు కాలేదు" అని చెప్పించడానికి యజమాని దూరపు చుట్టాన్ని పట్టుకొస్తారు. ఎవరి దగ్గర అద్దెకు దిగారో, దిగిన నాటికి ఆ ఇంటిపై వారికి హక్కు లేదని అద్దెదారు వాదించడానికి వీల్లేదని సాక్ష్య అధినియమం 122వ సెక్షన్ చెబుతోంది. అద్దె చట్టం పరిధిలోని కేసులో ఇది మరీ ప్రమాదం. సదుద్దేశం లేకుండా యజమాని హక్కును కాదనడమే అక్కడ ఖాళీ చేయించడానికి ఒక కారణం.

అద్దె బకాయి కేసుల్లో నగదు చెల్లింపును సాక్షితో నిరూపించబోయేవారు ఒక పొరపాటు చేస్తారు. "ప్రతి నెలా నా కళ్లముందే ఇచ్చాడు" అనే సాక్షిని తెస్తారు. మూడేళ్లపాటు ప్రతి నెలా ఒకరి అద్దె చెల్లింపు దగ్గర నిలబడి చూసే పని ఎవరికుంటుంది? ఎదుటి న్యాయవాది ఆ ఒక్క ప్రశ్న అడిగి కూర్చుంటారు. దానికన్నా, ఫలానా దసరా ముందు రోజు యజమాని ఇంటికి డబ్బు పట్టుకెళ్లి ఇచ్చి వచ్చిన దుకాణం కుర్రాడు ఆ ఒక్క నెల గురించే చెబితే నమ్మకం కుదురుతుంది. ఇక్కడ చట్టం పెట్టిన మెలిక కూడా ఉంది. అద్దె తీసుకున్న యజమాని రశీదు ఇవ్వాలని అద్దె చట్టం 8వ సెక్షన్ అంటుంది. తీసుకోవడానికి నిరాకరిస్తే బ్యాంకు పేరు చెప్పమని అడగడం, మనియార్డరు పంపడం, కంట్రోలర్ దగ్గర జమ చేయడం వంటి దారులూ చూపుతుంది. ఆ దారులేవీ తొక్కకుండా సాక్షినే నమ్ముకుంటే "ఎందుకు తొక్కలేదు?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉండాలి.

దుకాణాన్ని మరొకరికి ఇచ్చేశారన్న ఆరోపణలో సాక్షి పాత్ర మహా ఆసక్తికరం. ఆ బేరం నాలుగు గోడల మధ్య జరుగుతుంది, చూసినవారు దొరకరు. అందుకే మూడో మనిషి చేతిలో పూర్తి స్వాధీనం ఉందని తేలితే ప్రతిఫలం ముట్టిందని ఊహించడానికి కోర్టులు వెనకాడవు. కాబట్టి ఇక్కడ పనికొచ్చేది ఎదురు దుకాణం మనిషి. ఉదయం షట్టరు ఎత్తేది ఎవరు, గల్లా దగ్గర కూర్చునేది ఎవరు, సరుకు దింపుకునేటప్పుడు సంతకం పెట్టేది ఎవరు, బోర్డు మీద పేరు ఎప్పుడు మారింది? వీటిని రోజూ చూసేవాడు చెబితే చాలు, "లోపల ఏం ఒప్పందమైందో నాకు తెలియదు" అని ఒప్పుకున్నా నష్టం లేదు. అద్దెదారు అతణ్ని తన గుమాస్తా అంటే జీతం ఇచ్చిన లెక్క చూపాలి, భాగస్వామి అంటే భాగస్వామ్య పత్రం చూపాలి.

సొంత అవసరం అన్న కారణం దగ్గరికి వచ్చేసరికి సాక్షి ఎంపిక మరీ బిగుసుకుంటుంది. అవసరం యజమానిది కాబట్టి దాన్ని యజమానే బోనెక్కి చెప్పాలి. కక్షిదారు తానుగా సాక్ష్యం చెప్పి క్రాస్‌కు నిలబడకపోతే, ఆయన కథ నిజం కాదన్న అనుమానానికి తావుంటుందని సుప్రీంకోర్టు 1999లో విద్యాధర్ కేసులో చెప్పింది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవారు తాము చేసిన పనుల గురించి చెప్పగలరు గానీ, కక్షిదారుకు మాత్రమే తెలిసిన విషయాలను ఆయన బదులు చెప్పలేరని 2004లో జానకీ వశ్‌దేవ్ కేసులో తేల్చింది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కొడుకు, కూకట్‌పల్లిలో ఫ్లాటు, పవర్ ఆఫ్ అటార్నీ తండ్రి పేరున: తెలుగువారిలో ఇంటింటా కనిపించే ఈ ఏర్పాటుకు ఆ తీర్పు మొదట గుదిబండలా కనిపిస్తుంది. 2010లో మన్ కౌర్ కేసు కొంత వెసులుబాటు ఇచ్చింది. యజమాని సొంత అవసరం వంటి మనసులోని మాటను సాధారణంగా ఆయనే చెప్పాలంటూనే, ఒకరి వ్యవహారాలన్నీ పూర్తిగా మరొకరే చూస్తున్న సందర్భాలను మినహాయించింది. అక్కడ ఇచ్చిన ఉదాహరణల్లో విదేశంలో ఉన్న కొడుకు లేదా కూతురి వ్యవహారాలను పూర్తిగా చూసుకునే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. అయితే "అంతా నేనే చూస్తున్నాను" అంటే సరిపోదు. అద్దె ఎవరి ఖాతాలో పడుతోంది, ఇంటి పన్ను ఎవరు కడుతున్నారు, అద్దెదారును ఎవరు కుదిర్చారు అన్నవి ఆ తండ్రి నోటి నుంచి తేదీలతో సహా రావాలి. తిరిగి వచ్చి ఆ ఇంట్లో ఉంటానన్న కొడుకు ఉద్దేశం మీదే కేసు నిలబడి ఉంటే, కోర్టు అనుమతి తీసుకుని వీడియోలో కొడుకుతో చెప్పించుకోవడం మేలు. వీడియో ద్వారా సాక్ష్యం నమోదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2003లోనే ఒప్పుకుంది.

సాక్షి మాట ఎక్కడ గట్టిపడుతుందో, ఎక్కడ పగులుతుందో తెలియాలంటే ఒక చిన్న కేసును దగ్గరగా చూడాలి. అద్దెదారు ఫ్లాటు ఖాళీ చేశాడు, వంటగది పాడైందని యజమాని రెండు నెలల అడ్వాన్సు ఆపాడు, అద్దెదారు దావా వేశాడు అనుకుందాం. 2002 నుంచి సివిల్ దావాల్లో ముఖ్య విచారణ అఫిడవిట్ రూపంలోనే దాఖలవుతోంది. కోర్టులో దాన్ని "చీఫ్" అంటారు. ఈ పద్ధతి కాలాన్ని ఆదా చేసింది, సాక్షి గొంతును మాత్రం మింగేసింది. న్యాయవాది ఆఫీసులో తయారైన చీఫ్‌లు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. యజమాని తరఫున పెయింటర్ దాఖలు చేసిన అఫిడవిట్‌లో "వాది సదరు ఇంటిని నిర్లక్ష్యంగా వాడి తీవ్ర నష్టం కలిగించిన సంగతి నాకు స్వయంగా తెలుసు" అని ఉంటే, అతను చెప్పిందేమీ లేనట్టే. స్వయంగా ఎలా తెలుసు? అతను ఆ ఇంట్లో ఉండలేదు. అదే పెయింటర్ "మే 31న ఉదయం యజమానితో కలిసి వెళ్లాను, తాళం తీసేటప్పుడు ఉన్నాను, సింకు కింద రెండు టైల్స్ పగిలి ఉన్నాయి, గోడకు చెమ్మ దిగింది, ఆ వంటగది పనికి 9,000 తీసుకున్నాను" అంటే అందులో ప్రతి ముక్కా సాక్ష్యమే. నోటి సాక్ష్యం చూసినవారు చూసినట్టు, విన్నవారు విన్నట్టు చెప్పేదై ఉండాలన్న సాక్ష్య అధినియమం 55వ సెక్షన్ కోరేది ఇంతే.

ఇప్పుడు క్రాస్. "యజమానికి ఎన్నేళ్లుగా పనులు చేస్తున్నారు?" పదేళ్లుగా అంటాడు. దాచనక్కర్లేదు. తెలిసినవాడైనంత మాత్రాన సాక్ష్యం కొట్టుకుపోదు. బంధువులు, భార్యాభర్తలు కూడా సాక్షులు కావచ్చు, వారి మాటను మరికాస్త జాగ్రత్తగా చూస్తారంతే. "వాది దిగకముందు ఆ వంటగది చూశారా?" లేదంటాడు. "అయితే ఆ టైల్స్ ముందే పగిలి ఉన్నాయో లేదో చెప్పలేరు." చెప్పలేనంటాడు. యజమాని న్యాయవాదికి ఆ క్షణాన గుండె జారుతుంది గానీ, నిజానికి ఆ "చెప్పలేను" అన్న మాటే మిగతా మాటలను నిలబెడుతుంది. తెలియనిది తెలియదన్నవాడు తెలిసింది చెప్పాడన్న నమ్మకం కలుగుతుంది. లోటు సాక్షిది కాదు, ఇల్లు అప్పగించిన రోజున ఎవరినీ పక్కన ఉంచుకోని యజమానిది. ఆ లోటును అంతకు ముందు అద్దెకున్నవారు పూడ్చగలరు, వారు గుర్తుకొచ్చేవారే అరుదు. క్రాస్ చివర ఎప్పుడూ ఉండే వాక్యం "యజమాని మేలు కోరి అబద్ధపు సాక్ష్యం చెబుతున్నానంటే నిజం కాదు." న్యాయవాది వేసే ఆ సూచనకు ఆ జవాబు ఇచ్చినందువల్ల ఎవరికీ పోయేదీ వచ్చేదీ లేదు. కొత్త సాక్షులు మాత్రం అక్కడ అనవసరంగా కోపం తెచ్చుకుంటారు.

అగ్రిమెంటు కింద సాక్షి సంతకం చేసినవారిని పిలిస్తే కేసు గెలిచినట్టేనన్న భ్రమ కూడా బలంగా ఉంది. వీలునామాకు ఉన్నట్టు లీజు పత్రానికి సాక్షుల సంతకం చట్టపరంగా తప్పనిసరి కాదు, కాబట్టి రుజువుకు వారే రావాలని లేదు. వచ్చినా వారు చెప్పగలిగేది ఫలానావారు తమ ముందు సంతకం చేశారన్నంతవరకే. సాక్షి సంతకం పెట్టినంత మాత్రాన లోపలి షరతులు తెలుసని అనుకోవడానికి లేదు.

వాట్సాప్ సందేశాలు ఉన్నాయి కదా, మనిషెందుకు అనేవారికి ఒక మాట. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీకి సర్టిఫికెట్ కావాల్సిందేనని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ తీర్పు గట్టిగా చెప్పింది. ఇప్పుడు సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో కక్షిదారు నింపేది ఒక భాగం, నిపుణుడు నింపేది ఇంకో భాగం. అది దాటినా, ఆ నంబరు ఎవరిది, ఆ "సరే" అన్న జవాబు దేనికి ఇచ్చింది అన్నవి మళ్లీ ఎవరో ఒకరు బోనులో చెప్పాల్సినవే. ఇంటి స్థితి మీద వివాదమైతే, చూసి రావడానికి కోర్టు నియమించే న్యాయవాదిని, అంటే అడ్వొకేట్ కమిషనర్‌ను, పంపమని కోరవచ్చు. ఆయన నివేదిక రికార్డులో భాగమవుతుంది. ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉందో కనిపెట్టి రమ్మని పంపడానికి మాత్రం కోర్టులు ఒప్పుకోవు.

ఇంతవరకూ విచారణ గది. మధ్యవర్తిత్వంలో ఇదే సాక్షి వేరే మనిషి. అక్కడ ప్రమాణం లేదు, క్రాస్ లేదు, గెలిపించే అధికారం మధ్యవర్తికి లేదు. 2010లో అఫ్కాన్స్ తీర్పులో సుప్రీంకోర్టు మధ్యవర్తిత్వం వంటి మార్గాలకు అనువైన వివాదాలను లెక్కపెడుతూ యజమాని, అద్దెదారు తగాదాలను కూడా చేర్చింది. మధ్యవర్తి నివేదికలో రాజీ కుదిరితే ఆ ఒప్పందం, కుదరకపోతే కుదరలేదన్న ఒక్క మాట తప్ప లోపల ఎవరేమన్నారో ఉండకూడదని అదే ఏడాది మోతీరామ్ కేసులో చెప్పింది. 2023 మధ్యవర్తిత్వ చట్టం కూడా గోప్యతకు పెద్దపీట వేసింది.

మన ప్రాంతంలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. మధ్యవర్తి అనగానే చాలామందికి మనసులో మెదిలేది పెద్దమనుషులు: అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు, కాలనీ పెద్ద, ఇద్దరికీ తెలిసిన మేనమామ. వారి ముందు అద్దెదారు "మూడు నెలలది ఇవ్వాలి, నిజమే, కాస్త టైమివ్వండి" అంటే అది ఒప్పుకోలు. రేపు ఆ ప్రెసిడెంటును సాక్షిగా పిలిచి ఆ మాట చెప్పించవచ్చు. ఈ మాటలు సాక్ష్యంగా వాడుకోకూడదని ముందే అనుకున్నట్టు తేలితేనే సివిల్ కేసులో సాక్ష్య అధినియమం 21వ సెక్షన్ దానికి అడ్డు నిలుస్తుంది. అదే వాక్యం కోర్టు పంపిన మధ్యవర్తి ముందు అంటే ఆ గది దాటి రాదు. పక్కన కూర్చున్న బంధువు కూడా దాన్ని కోర్టులో చెప్పలేడు. ఈ తేడా తెలియనివారు పెద్దమనుషుల దగ్గర నోరు జారుతారు, మధ్యవర్తి దగ్గర నోరు కుట్టుకుంటారు. చేయాల్సింది సరిగ్గా తలకిందులుగా.

"పెద్దమనుషుల సమక్షంలో ప్రతివాది ఒప్పుకున్నాడు" అన్న వాక్యం లేని అద్దె దావా మన కోర్టుల్లో తక్కువ. ఆ పెద్దమనుషులెవరో పేర్లుండవు, తేదీ ఉండదు, వారిలో ఒక్కరూ బోనెక్కరు. అలాంటి వాక్యానికి బరువు రాదు. పేరు, తేదీ, చోటు ఉండి ఆ మనిషి వచ్చి నిలబడితే మాత్రం అది మామూలు సాక్ష్యం కాదు, ఎందుకంటే ఆయన్ను రెండు పక్షాలూ కలిసి పిలుచుకున్నాయి.

మధ్యవర్తిత్వానికి సాక్షిని తీసుకెళ్లాలా వద్దా అన్నదానికి సూటిగా ఒకే జవాబు లేదు. ఎదుటివారు ఒప్పుకుంటే తీసుకెళ్లవచ్చు. బలం చూపడానికి నలుగురు బంధువులను కూర్చోబెడితే ఎదుటివారు బిగుసుకుపోతారు. మొహం ముందు తగ్గడం ఎవరికీ నచ్చదు. పెయింటరో, ప్లంబరో వచ్చి ఏది వాడకంలో పోయింది, ఏది పగలగొడితే పోయింది, బాగుచేయడానికి ఎంతవుతుంది అన్నది చెబితే మాత్రం అంకె మీద బేరం మొదలవుతుంది. అక్కడ చూపించినంత మాత్రాన అతను కోర్టుకు పనికిరాకుండా పోడు. గోడ ఎలా ఉందో తాను చూసింది ఎప్పుడైనా చెప్పవచ్చు. మధ్యవర్తి ముందు యజమాని "సరే, సగం ఇస్తాను" అన్నాడన్నది మాత్రం చెప్పలేడు. కానీ తురుపు ముక్క ముందే చూపినట్టవుతుందన్న న్యాయవాదుల భయంలోనూ నిజం ఉంది. రాజీ కుదరకపోతే ఎదుటివారు ఆ పెయింటర్‌ను క్రాస్ చేయడానికి ఆరు నెలలు ముందుగానే సిద్ధమవుతారు. చిన్న మొత్తాల తగాదాలో ఆ భయం కన్నా వాయిదాల ఖర్చే పెద్దది. ఖాళీ చేయాలా వద్దా అన్న పెద్ద వివాదంలో ఆ భయానికి విలువివ్వాలి.

సాక్షిని తీసుకెళ్లకపోయినా ఫరవాలేదు గానీ, విడి సమావేశంలో మధ్యవర్తి అడిగే "మీ తరఫున ఈ మాట ఎవరు చెబుతారు?" అన్న ప్రశ్నకు పేరు చెప్పగలగాలి. ఆ పేరున్న మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో, వస్తాడో రాడో కూడా తెలిసి ఉండాలి. వాచ్‌మన్లు ఊళ్లు మారతారు. సమన్లు పంపాలంటే చిరునామా కావాలి, సాక్షి రానుపోను ఖర్చుల బత్తా కట్టాలి. వచ్చినవాడు యజమాని ముఖం చూసి మాట మార్చవచ్చు. అప్పుడు పిలిచినవారే కోర్టు అనుమతితో అతన్ని క్రాస్ చేయాల్సి వస్తుంది. ఈ లెక్కలు వేసుకున్నాక చాలామంది 60,000 అడ్వాన్సులో 45,000కు ఒప్పుకుంటారు, అది తెలివైన పనే.

అడిగింది పూర్తిగా కావాలని విచారణకే వెళ్లేవారు ఇంకొకటి గమనించాలి. అద్దె చట్టాల కింద రివిజన్‌లో, అంటే కింది తీర్పును పరిశీలించమని వేసే పిటిషన్‌లో, హైకోర్టు అప్పీలు కోర్టులా సాక్ష్యాన్ని మళ్లీ మొదటి నుంచి తూచదని 2014లో హిందుస్థాన్ పెట్రోలియం కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. హైదరాబాద్‌లో రెంట్ కంట్రోలర్ తీర్పుపై అప్పీలు సిటీ స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి దగ్గరికి వెళ్తుంది. సాక్షి మాటను నమ్మాలా వద్దా అన్నది దాదాపుగా అక్కడితో తేలిపోతుంది. పి.డబ్ల్యు.1 (పిటిషనర్ సాక్షి) అనో ఆర్.డబ్ల్యు.2 (ప్రతివాది సాక్షి) అనో నంబరు పడిన రోజున చెప్పిన మాటలనే పైకోర్టులు కాగితం మీద చదువుతాయి.

రాజీ కుదిరితే దాన్ని లోక్ అదాలత్‌లో అవార్డుగా మార్చుకుంటే అది డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. ఖాళీ చేసే తేదీ, తాళం ఎవరికివ్వాలి, కరెంటు మీటరు రీడింగు ఎవరు నోట్ చేయాలి, గోడలు చూసేటప్పుడు ఎవరెవరు ఉండాలి, అడ్వాన్సు ఏ ఖాతాకు ఎన్నో తేదీలోగా వేయాలి అన్నవి ఆ పత్రంలోనే రాయించుకోవాలి. ఇవి లేని రాజీలే తాళం ఇచ్చామని ఒకరు, ఇవ్వలేదని ఒకరు మళ్లీ సాక్షులను వెంటేసుకుని అమలు పిటిషన్ దగ్గరికి వచ్చేవి.